సముద్రం పక్కన గేటుకి జింక్ ప్రైమర్: ఏడాది వాడాక

పన్నెండేళ్లుగా తుప్పును ఆపే పూతల మీదే నా పరిశోధన. మా ఇల్లు విశాఖలో, లాసన్స్ బే కాలనీలో. ఉప్పుగాలికి గేటుకి వేసే మామూలు రెడ్ ఆక్సైడ్ పూత రెండేళ్లు కూడా ఆగేది కాదు. కిందటేడు ఎపాక్సీ జింక్ ప్రైమర్ కొన్నాను, అంటే జింక్ పొడి ఉండే తొలి పూత. రెండు డబ్బాల్లో వస్తుంది, రెండూ కలిపి పూయాలి. చాలా నచ్చింది.

జింక్ పొడి ఇనుముకి నేరుగా తగలాలి. అప్పుడే ఇనుము బదులు తను కరుగుతూ దాన్ని కాపాడుతుంది. పాత పెయింట్ మీద పూస్తే డబ్బు దండగే. "పైపైన రుద్దితే చాలు సార్" అన్నాడు పెయింటర్. నేను ఒప్పుకోలేదు, వెల్డింగ్ అతుకుల దాకా గ్రైండర్‌తో మెరిసేలా గీకించాను. జింక్ బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది, పూస్తున్నంతసేపూ కలుపుతూనే ఉండాలి.

అదే పూతను ఓ ఇనుప పలక మీద వేసి, బ్లేడుతో గీత పెట్టి, ల్యాబ్‌లో 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటి పొగలో 500 గంటలు ఉంచాను. గీతలో తెల్లటి పొడి తేలింది, ఎర్ర తుప్పు లేదు. అంటే తిన్నది జింక్‌నే, ఇనుమును కాదు.

ఒక్కటే బాధ. కలిపే కొలతలు డబ్బా మీద ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. పూసే మనిషికి తెలిసేదెలా?

వానాకాలం దాటింది. గేటు కింది బోల్టు వెనక మాత్రం ఓ ఎర్ర చుక్క కనిపించింది, అక్కడికి బ్రష్ అందలేదు.