బూర్బకీ 'జనరల్ టోపాలజీ' (1–4 అధ్యాయాలు): ఒకసారి చదివినవాళ్లు మళ్లీ చదవాల్సిన పుస్తకం

నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఎమ్మెస్సీలో టోపాలజీ (దూరాలు కొలవకుండానే దగ్గరితనాన్ని, కంటిన్యుటీని చూసే గణితం) చదివి, పాసై, నిర్వచనాలు గుర్తున్నా అవి అలాగే ఎందుకున్నాయో తెలియక వెలితిగా ఉన్నవాళ్లు ఈ పుస్తకం తప్పక చూడాలి.

బూర్బకీ ఒక మనిషి కాదు, ఫ్రెంచ్ గణితజ్ఞుల బృందం ఒకటి పెట్టుకున్న కలం పేరు. ఆంద్రే వెయ్, ఆన్రీ కార్తాన్, షెవాలే, ద్యుదొన్నే లాంటి కుర్ర గణితజ్ఞులు 1934 డిసెంబరులో పారిస్‌లో ఒక కెఫేలో కలిశారు. అప్పట్లో వాడుకలో ఉన్న అనాలిసిస్ పాఠ్యపుస్తకం నచ్చక, కొత్తది కలిసి రాయాలనుకున్నారు. (అంతకుముందే, అలీగఢ్‌లో వెయ్‌తో పనిచేసిన డి.డి. కోశాంబి 1931 నాటి పేపర్ శీర్షికలో బూర్బకీ అనే పేరు కనిపిస్తుంది.)

నాకు ఈ పుస్తకంలో ప్రాణం ఫిల్టర్లు. ఎలాంటి స్పేస్‌లోనైనా లిమిట్ గురించి మాట్లాడాలంటే సీక్వెన్సులు చాలవు. 1937లో కార్తాన్ ఇచ్చిన జవాబే ఫిల్టర్: సీక్వెన్సు బదులు, కొన్ని నియమాలు పాటించే సెట్ల గుంపుతో లిమిట్‌ను చెప్పడం. కంపాక్ట్ స్పేసుల ప్రొడక్ట్ కూడా కంపాక్టే అనే టైకనాఫ్ సిద్ధాంతాన్నే తీసుకోండి. స్పేస్ కంపాక్ట్ అవ్వాలంటే అందులో ప్రతి అల్ట్రాఫిల్టరూ (ఇంకే సెట్టూ చేర్చలేనంత పెద్ద ఫిల్టర్) కన్వర్జ్ అవ్వాలి. ప్రొడక్ట్ మీద ఒక అల్ట్రాఫిల్టర్ ఉంటే, ఒక్కో కోఆర్డినేట్‌లో దాని నీడ కూడా అల్ట్రాఫిల్టరే అవుతుంది. ఆ స్పేస్ కంపాక్ట్ కాబట్టి అది కన్వర్జ్ అవుతుంది. అన్ని కోఆర్డినేట్లలో కన్వర్జ్ అయితే ప్రొడక్ట్‌లోనూ అయినట్టే. అంతే, ప్రూఫ్ అయిపోయింది! చాలామంది అబ్‌స్ట్రాక్షన్ అంటే భయపడతారు. సరైన చోట చేస్తే అది భారం దించుతుందని నాకు ఇక్కడే నమ్మకం కుదిరింది.

వాస్తవ సంఖ్యలు నాలుగో అధ్యాయానికి గానీ రావు. టోపలాజికల్ గ్రూపులన్నీ అయ్యాక, అకరణీయ సంఖ్యల గ్రూపును కంప్లీట్ చేస్తే (మధ్య ఖాళీలు పూడిస్తే) వచ్చేవిగా వాటిని కడతారు. ఆ అధ్యాయం నాకు చాలా ఇష్టం.

ఇబ్బందులూ ఉన్నాయి. బొమ్మల సాయం ఆశించకండి. మెట్రిక్ స్పేసులు తొమ్మిదో అధ్యాయంలో, అంటే తర్వాతి సంపుటంలో వస్తాయి. మొదటిసారి టోపాలజీ నేర్చుకునే పిల్లలకు ఇది అన్యాయమే, వాళ్లకు నేను ఇది ఇవ్వను. నెట్ (లెక్చరర్ అర్హత) పరీక్షకు చదివేవాళ్లు ఒకటి గమనించాలి: ఇక్కడ కంపాక్ట్ అంటే హౌస్‌డార్ఫ్ (ఏ రెండు బిందువులనైనా వేర్వేరు ఓపెన్ సెట్లతో విడదీయగలిగేది) కూడా అయి ఉండాలి, కాకపోతే క్వాసీ-కంపాక్ట్ అంటారు. ఎక్సర్‌సైజులు గట్టివి. పొరపడే అవకాశం ఉన్నచోట మార్జిన్‌లో రోడ్డు మలుపు హెచ్చరిక లాంటి గుర్తు పెట్టారు. దాన్ని దాటేసి వెళ్లొద్దు.

ధర ఎక్కువే. ముందు యూనివర్సిటీ లైబ్రరీలో మొదటి అధ్యాయం ఆరో సెక్షన్ నుంచి తొమ్మిది దాకా, పెన్నూ కాగితం పట్టుకుని చదవండి. అది పట్టుబడితే కొనండి.