పార్సన్స్‌కు డబ్బు ఇవ్వడమా, డ్రాఫ్ట్ పిక్కులు తీసుకోవడమా: కౌబాయ్స్‌కు ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఇచ్చేసి డాలస్ కౌబాయ్స్ మంచి పని చేసిందా, చేజేతులా చెడగొట్టుకుందా? 2025 ఆగస్టు 28 నుంచి అభిమానులు ఎక్కడ కలిసినా ఇదే గొడవ. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగువాళ్లు కలిసే చోట కూడా ఇదే మాట. జట్టు ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్నది ఫ్రిస్కోలోనే కదా! 2025 సీజన్ అయిపోయింది. 7 గెలిచాం, 9 ఓడాం, ఒకటి టై. ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు. 2026 ఏప్రిల్‌లో పిట్స్‌బర్గ్‌లో జరిగే డ్రాఫ్ట్‌కు ఇప్పుడు మన చేతిలో రెండు మొదటి రౌండ్ పిక్కులు ఉన్నాయి. సొంతది 12వది, ప్యాకర్స్ నుంచి వచ్చింది 20వది. ఆ 20 అనే అంకె చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్‌ను కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు మాటలు. ఐపీఎల్‌లో పర్సులో డబ్బుంటే వేలంలో పాడి కుర్రాణ్ని కొనుక్కోవచ్చు. ఇక్కడ కాలేజీ నుంచి వచ్చేవాళ్లకు వేలం లేదు, డ్రాఫ్ట్ ఉంటుంది. రౌండుకు ఒకరి చొప్పున జట్లు వరసగా ఎంచుకుంటాయి, ఆ ఒక్కో వంతునే పిక్ అంటారు. కిందటి సీజన్లో అట్టడుగున నిలిచిన జట్టు ముందు ఎంచుకుంటుంది, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టు ఆ రౌండ్ చివర్లో ఎంచుకుంటుంది. తొలి ఒప్పందం నాలుగేళ్లు, జీతం పిక్ నంబరును బట్టి దాదాపు ముందే ఖాయం. మొదటి రౌండ్ ఆటగాడిని జట్టు కావాలనుకుంటే ఐదో ఏడూ ఉంచుకోవచ్చు. మూడు సీజన్లు ఆడాక కొత్త ఒప్పందం మాట్లాడుకోవచ్చు. అన్నిటికీ పైన శాలరీ క్యాప్ ఉంటుంది. జట్టు మొత్తానికి జీతాలు ఆ గీత దాటకూడదు. ఆ క్యాప్ 2023లో 22.48 కోట్ల డాలర్లు, 2024లో 25.54 కోట్లు, 2025లో 27.92 కోట్లు. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి, నా వాదనంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

పార్సన్స్ మనకు దొరికిన తీరే ముచ్చటైనది. 2021లో మన పిక్ 10. దాన్ని ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు ఇచ్చి, రెండు మెట్లు దిగి 12కు వచ్చాం. అదనంగా మూడో రౌండ్ పిక్ తెచ్చుకున్నాం. ఈగల్స్ డివాంటా స్మిత్‌ను తీసుకుంటే మనం పార్సన్స్‌ను తీసుకున్నాం. మొదటి ఏడాదే అతను లీగ్‌లో ఉత్తమ డిఫెన్సివ్ రూకీ అయ్యాడు. ఆఫెన్స్‌లో బంతి విసిరే ఆటగాడే క్వార్టర్‌బ్యాక్. అతను బంతి విసిరేలోపే పడగొట్టడాన్ని సాక్ అంటారు. నాలుగేళ్లలో అతని సాక్‌లు వరసగా 13, 13.5, 14, 12. ఆ చివరి 12 కూడా గాయంతో నాలుగు మ్యాచ్‌లు పోగొట్టుకున్న ఏడాదివి. ఇలాంటి ఆటగాడు ఒక జట్టుకు తరానికొకడు దొరికితే గొప్ప.

అభిమానులు ఈ గొడవను రెండు దారులుగా చూస్తున్నారు: అడిగినంత ఇచ్చి ఉంచుకోవడం, లేదా ఇచ్చేసి పిక్కులు తీసుకోవడం. నా లెక్కలో దారులు మూడు. ధర పెరగకముందే సంతకం పెట్టించుకోవడమే ఆ మూడోది, అదే అన్నిటికన్నా మేలైనది. దాన్ని 2024 వసంతంలోనే వదిలేసుకున్నాం.

ముందు, జట్టు నిజంగా చేసిన పని చూద్దాం. పార్సన్స్‌ను ఇచ్చి 2026, 2027 మొదటి రౌండ్ పిక్కులు, వాటితో పాటు కెన్నీ క్లార్క్‌ను తెచ్చుకున్నాం. క్లార్క్ మంచి డిఫెన్సివ్ ట్యాకిల్, మేటి ఆటగాళ్ల జాబితా అయిన ప్రో బౌల్‌కు మూడుసార్లు ఎంపికైనవాడు. కానీ అక్టోబరులో 30 నిండాయి. పార్సన్స్‌కు పోవాల్సిన డబ్బు మిగిలింది. వెనువెంటనే గార్డ్ టైలర్ స్మిత్‌కు, కార్నర్ డారాన్ బ్లాండ్‌కు కొత్త ఒప్పందాలు ఇచ్చారు. నవంబరులో న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చారు. దానికి 2026 రెండో రౌండ్ పిక్కు, 2027లో ఒక మొదటి రౌండ్ పిక్కు, మేజీ స్మిత్‌ను ఇచ్చారు. ఇవన్నీ పనికొచ్చే పనులే, కాదనను. ఒక స్టార్ మీద కాకుండా నాలుగైదు చోట్ల డబ్బు పెడితే జట్టు లోతు పెరుగుతుందనే వాదనలోనూ కొంత బలం ఉంది.

మైదానంలో జరిగింది మాత్రం వేరు. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్స్ మనదే. సెప్టెంబరు 28న పార్సన్స్ ప్యాకర్స్ జెర్సీ వేసుకుని మన మైదానానికే వచ్చాడు. ఆ మ్యాచ్ 40-40తో టై అయింది. సొంత మైదానంలో 40 పాయింట్లు వేసి కూడా గెలవలేకపోయాం. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్, రిసీవర్లు సీడీ ల్యాంబ్, జార్జ్ పికెన్స్ ఉన్న ఆఫెన్స్ ఏడాది పొడుగునా తన పని తాను చేసింది. ఆధిక్యం వచ్చాక క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికి మ్యాచ్ ముగించేవాడే లేకపోయాడు. నవంబరులో యువ డిఫెన్సివ్ ఎండ్ మార్షాన్ నీలాండ్ మరణం జట్టు మొత్తాన్నీ కుంగదీసింది. ఆ దుఃఖాన్ని ఈ లెక్కల్లో కలపడం నాకు ఇష్టం లేదు. అంతకుముందు నుంచే డిఫెన్స్ కుప్పకూలి ఉంది. డిఫెన్స్ కోచ్ (కోఆర్డినేటర్) మ్యాట్ ఎబర్‌ఫ్లస్‌ను జనవరిలో తీసేశారు. ఆయన పథకాల్లో లోపాలు ఉన్నాయి, నిజమే. కానీ ఆయన ఎక్కాల్సిన నిచ్చెనకు ముందే ఒక మెట్టు పీకేశారు.

ఇక పిక్కుల సంగతి. స్టార్‌ను అమ్మేటప్పుడు జనం ‘రెండు మొదటి రౌండ్లు’ అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ పిక్ ఎన్నో నంబరు దగ్గర పడుతుందన్నది ఎవరూ అడగరు. అలాంటి ఆటగాడిని కొనేది సాధారణంగా గెలుపు దగ్గరికి వచ్చిన జట్టు. అతను చేరాక ఆ జట్టు ఇంకా బాగుపడుతుంది, మనకు రావాల్సిన పిక్ ఇంకా వెనక్కి పోతుంది. 2018లో రైడర్స్ జట్టు ఖలీల్ మ్యాక్‌ను షికాగో బేర్స్‌కు ఇచ్చింది. ఆ ఏడాదే బేర్స్ 12 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ కొట్టింది. రైడర్స్‌కు దక్కిన మొదటి రౌండ్ పిక్కులు 24, 19. ఒకదానితో జాష్ జేకబ్స్ దొరికాడు, మంచి రన్నింగ్ బ్యాక్. రెండోదానితో తీసుకున్న డేమన్ ఆర్నెట్‌ను 2021లోనే వదిలేశారు. 2019లో జాగ్వార్స్ జేలెన్ రామ్సీని రామ్స్‌కు ఇచ్చింది. వచ్చిన పిక్కులు 20, 25. వాటితో కె’లావన్ చైసన్, ట్రావిస్ ఎటియెన్ వచ్చారు. రామ్స్ మాత్రం 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. 24, 19, 20, 25, ఇప్పుడు మనకు 20. ఒకే వరస! పైగా పార్సన్స్ డిసెంబరు మధ్యలో మోకాలి లిగమెంట్ తెగి సీజన్‌కు దూరమైనా ఆ పిక్ ఇంకా ముందుకు రాలేదు.

ఆ గాయం గురించి కూడా చెప్పాలి. ‘చూశారా, ఇచ్చేయడమే మంచిదైంది’ అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆగస్టులో తీసుకున్న నిర్ణయాన్ని ఆగస్టులో తెలిసిన విషయాలతోనే తూచాలి. ఒకరి మోకాలి గాయాన్ని మన తెలివితేటలుగా చెప్పుకోవడం నాకు సబబుగా తోచదు.

పిక్కుల వైపు వాదించేవాళ్ల దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది: హెర్షెల్ వాకర్. 1989 అక్టోబరులో, జెర్రీ జోన్స్ జట్టును కొన్న ఏడాదే, కోచ్ జిమ్మీ జాన్సన్ వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చాడు. బదులుగా వచ్చిన పిక్కులను కదిపి, మార్చి, ఎమ్మిట్ స్మిత్, డారెన్ వుడ్సన్, కెవిన్ స్మిత్ లాంటివాళ్లను తెచ్చుకున్నాడు. 1992, 1993, 1995 సీజన్లలో మూడు సూపర్ బౌళ్లు. డాలస్‌లో పుట్టి పెరిగినవాళ్లు ఈ కథ చెప్పేటప్పుడు వాళ్ల కళ్లలో వెలుగు చూడాలి.

ఆ కథను నేనూ ప్రేమిస్తాను. కానీ దాన్ని పార్సన్స్‌కు అతికించలేం. అప్పుడు జట్టు 16 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచింది, పోయేదేమీ లేదు. వచ్చినవి రెండు పిక్కులు కావు, మూడు మొదటి రౌండ్లు, మూడు రెండో రౌండ్లు, ఇంకా కొన్ని. శాలరీ క్యాప్ అనేదే 1994 దాకా లేదు. ఇప్పుడేమో మన క్వార్టర్‌బ్యాక్‌కు 30 ఏళ్లు దాటాయి, ఏడాదికి 6 కోట్ల డాలర్ల ఒప్పందం నడుస్తోంది. ఇది విత్తనాలు దాచుకునే సమయం కాదు. డాక్ చేతిలో బలం ఉన్న ఈ కొన్నేళ్లలోనే గెలవాలి. 2026లో ఎంచుకున్న కుర్రాడు 2028కి గొప్పవాడైతే డాక్‌కు ఏం లాభం?

అంటే ఉంచుకునే దారి, ఆగస్టులో అడిగినంత ఇచ్చేయడం, మేలా? అమ్మడం కన్నా మేలే అంటాను. ప్యాకర్స్ అతనికి నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్లు ఇచ్చింది, ఏడాదికి 4.7 కోట్లు. క్యాప్‌లో దాదాపు 17 శాతం. డాక్, ల్యాంబ్, పార్సన్స్ ముగ్గురూ ఒకే పట్టికలో ఉంటే మిగతా 50 మందికి సర్దడం కష్టం. అయినా సర్దుకునేవాళ్లం. క్యాప్ ఏటా పెరుగుతోంది, 26 ఏళ్ల ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికేవాడు) మాత్రం ఏటా దొరకడు.

ఈ మాట అంటున్నప్పుడు కూడా నాకు బాధ కలిగించేది ఆ 4.7 అనే అంకె. అంత ధర ఎందుకు పలికిందో చూడండి. 2023 సెప్టెంబరులో ఎడ్జ్ రషర్లలో అత్యధికం నిక్ బోసాది, ఏడాదికి 3.4 కోట్లు. 2024 వసంతానికి పార్సన్స్ మూడు సీజన్లు ఆడేశాడు, ఒప్పందానికి అర్హుడయ్యాడు. బోసా కన్నా కాస్త ఎక్కువ, 3.5 కోట్ల దగ్గర మాట కుదిరేదని నా అంచనా. అప్పటి క్యాప్‌లో అది 14 శాతం కూడా కాదు. మనవాళ్లు ఆగారు. 2025 మార్చిలో మ్యాక్స్ క్రాస్బీ 3.55, వెంటనే మైల్స్ గ్యారెట్ 4, జులైలో టి.జె. వాట్ 4.1. ఒక్కొక్కరు సంతకం పెట్టినప్పుడల్లా మన బేరం బరువెక్కింది. పైగా జోన్స్ ఏజెంటును పక్కనపెట్టి నేరుగా ఆటగాడితోనే మాట్లాడి అంతా కుదిరిందనుకున్నారు. ఆగస్టు 1న పార్సన్స్ తనను వేరే జట్టుకు ఇచ్చేయమని (ట్రేడ్) బహిరంగంగా అడిగాడు. ఆలస్యం అమృతం విషం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. 2019లో వేరే జట్ల క్వార్టర్‌బ్యాక్‌లు కార్సన్ వెంట్జ్ 3.2 కోట్లకు, జారెడ్ గాఫ్ 3.35 కోట్లకు సంతకాలు పెట్టినప్పుడు డాక్‌ను ఆపారు. 2020లో ఫ్రాంచైజ్ ట్యాగ్ వేశారు, అంటే ఒక్క ఏడాది ఒప్పందంతో కదలకుండా ఆపారు. 2021 మార్చిలో 4 కోట్లు ఇచ్చారు, పైగా మళ్లీ ట్యాగ్ వేయబోమని, ట్రేడ్ చేయబోమని రాసిచ్చారు. ఆ రాత వల్లే 2024లో డాక్ చేతిలో పగ్గాలుండి 6 కోట్లు ఇవ్వాల్సి వచ్చింది. అదీ సీజన్ మొదటి మ్యాచ్ రోజున!

పక్క డివిజన్ కూడా కాదు, మన డివిజన్లోనే ఉన్న ఈగల్స్‌ను చూడండి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కు 2023 ఏప్రిల్‌లో ఏడాదికి 5.1 కోట్లు ఇస్తే అందరూ నోరెళ్లబెట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో జట్టు క్వార్టర్‌బ్యాక్ జో బరో 5.5కు వెళ్లాడు. డివాంటా స్మిత్, జోర్డాన్ మైలాటా, లాండన్ డికర్సన్, ముగ్గురికీ 2024 వసంతంలోనే ఒప్పందాలు అయిపోయాయి. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో చీఫ్స్‌ను 40-22తో ఓడించారు. ఈగల్స్‌ను పొగడటం కౌబాయ్స్ అభిమానిగా నాకు ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు. అయినా పొగడక తప్పదు. వాళ్లు మనకన్నా గొప్పగా ఎంచుకోవట్లేదు. ల్యాంబ్ 17, పార్సన్స్ 12, టైలర్ స్మిత్ 24, డాక్ ఏకంగా నాలుగో రౌండ్, ఎంచుకోవడంలో మన స్కౌట్లు ఎవరికీ తీసిపోరు. ఎంచుకున్నవాడికి ఎప్పుడు సంతకం పెట్టించాలన్న దగ్గరే మనం ఓడిపోతున్నాం.

మరి చేతిలో ఉన్న 12, 20తో ఏం చేయాలి? 12 దగ్గర కదలొద్దు, డిఫెన్స్‌లో ఉన్నవాళ్లలో అందరికన్నా మంచివాణ్ని తీసుకోవాలి. 2025లో అదే నంబరుతో గార్డ్ టైలర్ బుకర్‌ను తీసుకున్నప్పుడు కొందరు పెదవి విరిచారు. రిటైరైన జాక్ మార్టిన్ స్థానాన్ని అతను గట్టిగా నిలబెట్టాడు. 20ని మాత్రం కిందికి దించి రెండు చేయాలంటాను. రెండో రౌండ్ జెట్స్‌కు పోయింది, మూడోది పికెన్స్ కోసం స్టీలర్స్‌కు పోయింది, మధ్యలో పెద్ద ఖాళీ ఉంది. దిగడం మనకు కొత్త కాదు. 2024లో 24 నుంచి 29కి దిగి టైలర్ గైటన్‌ను తీసుకున్నాం. అదనంగా వచ్చిన 73తో సెంటర్ కూపర్ బీబీ దొరికాడు. రెండూ ఒకే దెబ్బకు పెట్టి పైకి ఎగబాకడం నాకు నచ్చదు. పైకి వెళ్లి తెచ్చుకున్నవాడు నిలవకపోతే పార్సన్స్ ట్రేడ్‌లో సగం అక్కడే ఆవిరవుతుంది. 2023లో 26వ పిక్‌తో తీసుకున్న మేజీ స్మిత్ చివరికి విలియమ్స్ ట్రేడ్‌లో కొసరుగా వెళ్లిపోయాడు. ఎంత మంచి స్కౌట్లకైనా అలా జరుగుతుంది.

డ్రాఫ్ట్ కన్నా ముందే తేలాల్సింది పికెన్స్ సంగతి. మొదటి ఏడాదే మనకు 1,400 యార్డులకు పైగా తెచ్చాడు. అతని ఒప్పందం అయిపోయింది. ట్యాగ్ వేసి చూద్దాంలే అనుకుంటే డాక్ విషయంలో జరిగిందే మళ్లీ జరుగుతుంది. రిసీవర్లలో జా’మార్ చేజ్ ఇప్పటికే ఏడాదికి 4 కోట్లు దాటాడు. ఇంకొకరెవరో సంతకం పెట్టి ఆ మెట్టు పెంచకముందే, 2026 మార్చిలోనే, ఏజెంటును ఎదురుగా కూర్చోబెట్టుకుని పికెన్స్‌తో దీర్ఘకాలిక ఒప్పందం ముగించాలి.