ఆటోనగర్ మేస్త్రి గారి షెడ్డు, 82 డిగ్రీల థర్మోస్టాట్: మా పాత ఎస్టీమ్ వణుకు ఇలా తగ్గింది

మా నాన్నగారి 2003 మారుతి ఎస్టీమ్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వణికిపోయేది. స్టీరింగ్, గేర్ రాడ్, వెనక సీటు అన్నీ కదిలేవి, ఆర్‌పీఎం ముల్లు ఒకచోట నిలిచేది కాదు, ఏసీ వేస్తే ఒక్కోసారి బండే ఆగిపోయేది. బెంజ్ సర్కిల్ దగ్గర వెనక బస్సు హారన్ మోగిస్తుంటే బండి స్టార్ట్ కాక మేం పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు, ఆ రోజు తర్వాత నాన్న కారు తాళాలు ముట్టుకోవడమే మానేశారు. 20 ఏళ్లు ప్రేమగా చూసుకున్న బండి అది.

అంతకుముందు రెండు చోట్ల చూపించాం, పేర్లు వద్దు. ఒకరు థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) క్లీన్ చేసి స్పార్క్ ప్లగ్‌లు మార్చారు, పదిహేను రోజులు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. ఇంకొకరు ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగ్‌లు పోయాయని మార్చారు. దాంతో వణుకు లోపలికి తెలియడం కొంచెం తగ్గింది కానీ బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ అలాగే కొట్టుకుంటోంది. తొమ్మిది వేలు దాటింది ఖర్చు. ఇది మార్చి చూద్దాం, అది మార్చి చూద్దాం అన్నారే తప్ప కారణం వెతికినవాళ్లు లేరు, నాకు బాధ అనిపించింది అక్కడే.

మా బావమరిది చెప్తే విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డుకు తీసుకెళ్లాను. పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్లు, అంతే. ఆయన ముందు ఏ పార్టూ విప్పలేదు, ఇంజిన్ నడుస్తుండగానే సిలిండర్లకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల వైర్ కప్లర్లు ఒక్కొక్కటే పీకి మళ్లీ పెట్టారు. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లవి పీకినప్పుడు ఇంజిన్ వేగం బాగా తగ్గింది. మూడోది పీకితే పెద్ద తేడా లేదు, అంటే అది ముందే సరిగా పని చేయడం లేదన్నమాట. అప్పుడు మూడో ప్లగ్‌ని ఒకటిలో, ఒకటో ప్లగ్‌ని మూడులో వేసి మళ్లీ చూశారు. మిస్సింగ్, అంటే సిలిండర్ సరిగా మండకపోవడం, ఒకటో సిలిండర్‌కి మారింది! లోపం ప్లగ్‌తో పాటే వెళ్లింది కాబట్టి ఇంజెక్టర్, కంప్రెషన్ అనుమానాలు అక్కడికి తీరిపోయాయి. పైసా ఖర్చు లేని పరీక్ష, పావుగంట కూడా పట్టలేదు.

నేనైతే కొత్త ప్లగ్ వేసేయండి అన్నాను. "ప్లగ్ వేస్తే పోతుంది బాబూ, మళ్లీ నెలకి వస్తావు. ఇది ఎందుకు నల్లబడిందో చూడాలి కదా" అన్నారు. నాలుగు ప్లగ్‌లూ తీసి గుడ్డ మీద వరసగా పెట్టారు. అన్నిటికీ పొడి మసి పట్టి ఉంది, మూడోదానికి మరీ ఎక్కువ. ఆయిల్ జిడ్డు ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో పోయాయని అనుకోవాలట, పొడి మసి అంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందని. ఎంపీఎఫ్ఐ బండిలో, అంటే ఇంజెక్టర్లతో పెట్రోల్ పోసే బండిలో, ఎంత పడాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చెప్తుంది, ఇంజిన్ చల్లగా ఉందనుకుంటే ఎక్కువ పోస్తుంది. చల్లగా ఉందని అది అనుకోవడానికి రెండే కారణాలు, వేడి కొలిచే సెన్సర్ తప్పు చెప్తూ ఉండాలి లేదా ఇంజిన్ నిజంగానే చల్లగా ఉండాలి. సెన్సర్‌ని మల్టీమీటర్‌తో చూశారు. వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి, 20 డిగ్రీల దగ్గర రెండున్నర కిలో ఓమ్‌ల వరకు ఉండేది 80 దగ్గరికి వచ్చేసరికి 300 ఓమ్‌ల చుట్టుపక్కలకి రావాలి. మాది బాగానే ఉంది.

ఇక మిగిలింది థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కే దాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వ్. బండి రాత్రి అక్కడే వదిలేసి రమ్మన్నారు. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ మీద నా చెయ్యి పెట్టించారు. థర్మోస్టాట్ బాగుంటే ఇంజిన్ వేడెక్కే దాకా హోస్ చల్లగానే ఉండి తర్వాత ఒక్కసారిగా కాలాలి. మాది మొదటి నిమిషం నుంచే మెల్లగా గోరువెచ్చనవుతూ వచ్చింది. థర్మోస్టాట్ ఉండాల్సిన హౌసింగ్ విప్పితే లోపల ఖాళీ. ఎప్పుడో ఎండాకాలంలో ఇంజిన్ హీట్ అయినప్పుడు ఎవరో పీకేసి ఉంటారు, మన దగ్గర చాలా పాత బండ్లకి ఇదే గతి. నాన్న తిరిగేది రైతుబజారుకి, గుడికి, మూడు నాలుగు కిలోమీటర్లు. అంత దూరానికి ఆ ఇంజిన్ వేడెక్కేదే కాదు.

థర్మోస్టాట్ కొనడానికి వెళ్తే కౌంటర్ దగ్గర కుర్రాడు "మన ఎండలకి తక్కువ డిగ్రీది వేయండి సార్" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ వినొద్దు. థర్మోస్టాట్ చూసుకునేది ఇంజిన్ ఎంతకంటే చల్లబడకూడదు అన్నది. ఒకసారి పూర్తిగా తెరుచుకున్నాక పై వేడిని ఆపేది రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంప్, కూలెంట్. ఫ్యాన్ తిరగని బండికి ఎంత తక్కువ డిగ్రీది వేసినా ట్రాఫిక్‌లో హీట్ అవుతుంది. మేం కంపెనీ జెన్యూన్ పార్ట్ 82 డిగ్రీలది, అంటే ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలయ్యేది, తీసుకున్నాం, డిగ్రీలు దాని మీదే అచ్చేసి ఉంటాయి. సగం ధరకి లోకల్‌ది కూడా చూపించారు, చేతిలోకి తీసుకుంటే స్ప్రింగ్ పల్చగా ఉంది, వద్దనుకున్నాను.

బిగించే ముందు మేస్త్రి గారు దాన్ని దారంతో కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద కాచారు. గిన్నె అడుగుకి తగలకూడదు, తగిలితే లెక్క తప్పుతుంది. 82, 83 దగ్గర కదలడం మొదలై 95 వచ్చేసరికి బాగా తెరుచుకుంది. కొత్తదానికి కూడా ఈ పరీక్ష చేసే మెకానిక్‌ని నేను మొదటిసారి చూశాను. గాలి పోవడానికి ఉండే చిన్న పిన్ను పైకి ఉండేలా కూర్చోబెట్టి, కొత్త గాస్కెట్ వేసి, బోరు నీళ్లు ముట్టనివ్వకుండా కూలెంట్ పోశారు. పనిలో పనిగా పగుళ్లిచ్చిన ఒక వాక్యూమ్ పైపు కూడా దొరికింది, దాని మీద కార్బ్ క్లీనర్ స్ప్రే కొడితే ఆర్‌పీఎం మారింది, అంటే అక్కడ గాలి లీకవుతోందన్నమాట, పైపు మార్చేశారు. ప్లగ్‌లు నాలుగూ కొత్తవి.

ఇప్పుడు రెండున్నర నెలలు. స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకి టెంపరేచర్ ముల్లు సగానికి కాస్త కింద నిలుస్తోంది, గుంటూరు హైవే మీద కూడా కిందికి పడట్లేదు. ఐడిలింగ్ 850 ఆర్‌పీఎం దగ్గర కదలకుండా ఉంటోంది. లీటరుకి పది ఇచ్చే బండి పదమూడు ఇస్తోంది. మొన్న ప్లగ్‌లు తీసి చూస్తే లేత గోధుమ రంగులో ఉన్నాయి, నాన్నకి ఫోటో తీసి పంపాను.

లోపాలూ చెప్పాలి. షెడ్డులో కూర్చోవడానికి చోటు లేదు, రాసిచ్చే బిల్లు చిత్తు కాగితం మీదే, చెప్పిన టైమ్ కంటే ఒక రోజు ఎక్కువ పట్టింది. పార్ట్‌లు మనమే తెచ్చుకోవాలి. లేబర్ మాత్రం 800 తీసుకున్నారు, ఆ రెండు రోజుల పనికి అది తక్కువే అనిపించింది. ఆదివారం ఉండరు. వెళ్లేవాళ్లు ముందు రోజు సాయంత్రమే బండి వదిలి రండి, థర్మోస్టాట్ పరీక్షకైతే ఇంజిన్ పూర్తిగా చల్లారితే తప్ప ఆయన చెయ్యి పెట్టరు.