ఎల్ట్స్ కోట సందర్శన: ఒకే ప్రాకారంలో మూడు శాఖల చరిత్ర

జర్మనీలో మోజెల్ నదికి చేరువలోని అడవి కొండల నడుమ, మూడు వైపులా వాగు చుట్టుకొన్న రాతి గుట్టపై ఎల్ట్స్ కోట నిలిచి ఉంది. గైడ్ వెంట లోపలి గదులను చూడడానికి ముప్పావు గంట కూడా పట్టదు కనుక, దీని యజమానులైన ఎల్ట్స్ వంశ చరిత్రను కొంత ముందే తెలుసుకొని వెళ్లడం మంచిది.

1157లో ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి జారీ చేసిన దానపత్రంలో రుడోల్ఫ్ ఫాన్ ఎల్ట్స్ సాక్షిగా కనిపిస్తాడు. 1268కి ముందే ఎలియాస్, విల్హెల్మ్, థియోడెరిఖ్ అనే అన్నదమ్ములు ఆస్తిని పంచుకొన్నప్పటికీ, వారి వారసులు వేరే చోటికి తరలిపోకుండా అదే ప్రాకారంలో ఎవరి నివాసాలను వారు కట్టుకొన్నారు. ఆ శాఖల పేర్లతోనే పిలిచే, 1472లో పూర్తయిన రూబెనాఖ్ భవనం, ఆ తరువాతి రోడెన్‌డార్ఫ్, కెంపెనిఖ్ భవనాలు ఇరుకైన ముంగిలి చుట్టూ ఒకదానినొకటి ఒరుసుకొంటూ పైకి లేచిన తీరులో ఆ ఉమ్మడి జీవనం కళ్లకు కడుతుంది. నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచింది యోధుల సభామందిరం. అక్కడి విదూషకుల ముఖాకృతులు స్వేచ్ఛగా మాట్లాడవచ్చునని, ద్వారంపై చెక్కిన గులాబీ విన్నది బయటకు పొక్కనీయరాదని సూచిస్తాయి. ఇన్ని కుటుంబాలు కలిసి బతకడానికి ఈ రెండు నియమాలూ ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఆ ప్రాంతాన్ని పాలించిన క్రైస్తవ మతాధిపతి, ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డుయిన్‌తో 1331 నుంచి 1336 వరకు సాగిన పోరులో ఈ వంశం ఓడి తన స్వాతంత్ర్యాన్ని కోల్పోయింది గాని, కోట నిలిచింది. 17వ శతాబ్దం చివర ఫ్రెంచి సేనలు రైన్ ప్రాంతపు కోటలను కూల్చివేస్తున్నప్పుడు, ఆ సైన్యంలోనే అధికారిగా ఉన్న ఈ వంశస్థుడు హాన్స్ ఆంటోన్ దీనిని కాపాడాడు. జర్మనీలోనే మరోచోట ఉన్న హోహెన్‌జోలర్న్ రాజవంశపు కోట నేటి రూపం 19వ శతాబ్దపు పునర్నిర్మాణం కాగా, ఇక్కడ ఎల్ట్స్ వంశపు కౌంట్ కార్ల్ 1845 నుంచి 1888 వరకు 1,84,000 మార్కులు వెచ్చించి, పాత కట్టడాన్ని మార్చకుండా మరమ్మతులు చేయించాడు. ఆ సంయమనం ఎంతైనా మెచ్చదగినది. కోట ఇప్పటికీ అదే వంశం అధీనంలో ఉంది.

లోపల ఫొటోలు తీయనివ్వరు. శీతకాలంలో కోటను మూసివేస్తారు. సమయం ఉన్నవారు ఖజానా గదులతో పాటు, ముట్టడి కోసం బాల్డుయిన్ ఎదుటి కొండపై కట్టించిన ట్రుట్స్‌ఎల్ట్స్ శిథిలాలను కూడా తప్పక చూడాలి.