క్వారీ టిప్పర్ ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్: సీసం బిళ్లలా, లోపల పోసే పూసలా?

మా టిప్పర్ ఎర్రగుంట్ల వైపు క్వారీల నుంచి సున్నపురాయి, కంకర తోలుతుంది. రోజులో సగం రాళ్ల బాట, సగం హైవే. ముందు రెండు చక్రాలకు 295/80 ఆర్ 22.5 సైజు ట్యూబ్‌లెస్ రేడియల్ టైర్లు, లోతు కట్టింగు (రోడ్డును తాకే గాడుల రబ్బరు) ఉన్న మైనింగ్ రకం. చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా సర్దడమే బ్యాలెన్సింగ్. ఇలాంటి టైర్లకు అది చేయించాలంటే మా వైపు చాలామంది ఓనర్లు ఒప్పుకోరు. "టిప్పరేమన్నా కారా?" అంటారు. కొన్నేళ్లుగా డిస్క్‌కు (టైరు కూర్చునే ఇనుప చక్రానికి) వేసే సీసం బిళ్లలూ వాడాను, టైరు లోపల పోసే బ్యాలెన్సింగ్ పూసలూ వాడుతున్నాను. ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్ కచ్చితంగా కావాలి. వెనక చక్రాలకు దాని మీద డబ్బు పెట్టే పని లేదు. రాళ్లలో తిరిగే బండికి బిళ్లల కన్నా పూసలే నిలబడతాయి. అయితే చక్రం గుండ్రంగా లేకపోతే ఏది చేయించినా దండగే.

బండి నడిపే మా తమ్ముడు మొదట్లో ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు. "అన్నా, లోడు మీద ఏం తెలీదు. ఖాళీగా వచ్చేటప్పుడు మైదుకూరు దాటినాక స్టీరింగ్ ఒకటే అదరతాండాది, చేతులు తిమ్మిర్లెక్కుతాండాయి" అని. నేను నడిపి చూసినప్పుడూ అంతే. 50 దాకా బండి నిమ్మళంగా ఉంటుంది. 55, 60 మధ్య స్టీరింగ్ వణకడం మొదలుపెడుతుంది. లోడు ఉంటే ఆ బరువుకు వణుకు అణిగి ఉంటుంది కానీ పోదు. ముందు చక్రాలను పట్టి ఉంచి, స్టీరింగ్‌తో పాటు తిప్పే కింగ్ పిన్నులు, బేరింగులు, టై రాడ్ ఎండ్లు ఆ దెబ్బలన్నీ తింటూనే ఉంటాయి.

ఆ దెబ్బ ఎంతో లెక్క వేస్తే అర్థమవుతుంది. ఈ సైజు టైరు ఎత్తు మీటరు పైచిలుకు. ఒక చుట్టుకు సుమారు 3.3 మీటర్లు పోతుంది. అంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు ఐదు చుట్లు తిరుగుతుంది. టైరు కట్టింగు దగ్గర ఒకవైపు 300 గ్రాములు ఎక్కువుందనుకోండి. ఆ వేగంలో అది దాదాపు 15 కేజీల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది, సెకనుకు ఐదుసార్లు పైకీ కిందకీ. వేగం సగమైతే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. క్వారీ బాటలో 25, 30లో పోయేటప్పుడు ఎవరికీ ఏమీ తెలియకపోవడానికి కారణం ఇదే. మోటు కట్టింగు టైర్లలో 300 గ్రాముల తేడా అసాధారణమేమీ కాదు. రబ్బరు మందం ఎక్కువ కాబట్టి తేడా వచ్చే అవకాశమూ ఎక్కువే.

బ్యాలెన్సింగ్ గురించి ఆలోచించే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరుకు దగ్గరగా ఒక రాయి పెట్టి, దాని మీద కడ్డీ ఆనించి, కడ్డీ కొనకూ టైరుకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలి చేత్తో నెమ్మదిగా తిప్పాలి. సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతుంటే చక్రం గుండ్రంగా లేనట్టు. పక్కగోడ వైపు కూడా ఇలాగే చూడాలి. అక్కడ అటూ ఇటూ ఊగుతుంటే డిస్క్ వంకరైనా అయుండాలి, టైరు డిస్క్ మీద సరిగా కూర్చోకపోయైనా ఉండాలి. టైరు అంచు దగ్గర చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. ఆ గీతకూ డిస్క్ అంచుకూ మధ్య దూరం చుట్టూ ఒకేలా కనిపించాలి. ఒకవైపు గీత లోపలికి దిగిపోయి ఉంటే గాలి తీసి, సబ్బునీళ్లు పూసి, మళ్లీ ఎక్కించాలి. మా బండి వణుకులో పెద్ద వాటా దీనిదే. ఇది సరిచేయించిన రోజే సగం తగ్గింది.

కొత్త టైరు మీద కనిపించే రంగు చుక్కలకూ అర్థముంది. పసుపు చుక్క టైరులో తేలికైన చోటు. వాల్వు ఉన్నచోట చక్రానికి కాస్త బరువు ఎక్కువ కాబట్టి పసుపు చుక్కను వాల్వుకు ఎదురుగా పెట్టి ఎక్కిస్తే తేడా కొంత అక్కడే తీరిపోతుంది. ఎర్ర చుక్క టైరు కాస్త ఉబ్బుగా, గట్టిగా ఉండే చోటు. డిస్క్ మీద దాని పల్లం గుర్తు ఉంటే ఆ రెండింటినీ కలపాలి. పంచర్ షాపులో పక్కన నిలబడి అడిగితే చేస్తారు, అడగకపోతే చుక్కల వైపు చూడరు. నట్లు కూడా వరసగా చుట్టూ బిగించుకుంటూ పోకూడదు. ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది బిగించాలి. లేకపోతే డిస్క్ హబ్ మీద ఒకవైపుకు ఒరుగుతుంది, ఆ ఊపు బ్యాలెన్సింగ్ లోపంలాగే అనిపిస్తుంది.

ఇక సీసం బిళ్లలు. కార్ల షాపుల్లో ఉండే మెషిన్లు వంద కేజీలు దాటే ఈ చక్రాన్ని మోయలేవు. బస్సులకూ లారీలకూ చేసే పెద్ద మెషిన్ ఉన్న షాపు వెతుక్కోవాలి. మెషిన్ పని మాత్రం శుభ్రమైన పని. చక్రం లోపలి అంచుకు ఎంత, బయటి అంచుకు ఎంత వేయాలో విడివిడిగా చూపిస్తుంది. వెడల్పు టైర్లకు ఇది ముఖ్యం. చక్రం పైకీ కిందకీ ఎగరడమే కాదు, అటూ ఇటూ ఊగడం కూడా దీంతో పోతుంది. బిళ్లలు వేయించిన రోజు హైవే ఎక్కితే బండి మెత్తగా నడిచింది. హైవే మీదే తిరిగే లారీకైతే నేను ఇప్పటికీ ఇదే చెబుతాను.

మాకు సమస్య క్వారీలో వచ్చింది. కంకర రాళ్లు అంచుకు తగిలి బిళ్లలు ఊడిపోతాయి. ఎప్పుడు ఊడిందో తెలియదు, వణుకు తిరిగొచ్చాక చూస్తే ఆ చోట మెరుస్తున్న గీత తప్ప ఏమీ ఉండదు. డిస్క్ లోపలివైపు జిగురుతో అంటించే బిళ్లలు ఇంకా తొందరగా పోతాయి, బ్రేకు డ్రమ్ము వేడికీ దుమ్ముకీ ఆ జిగురు ఆగదు. ఊడిన ప్రతిసారీ రెండు చక్రాలూ విప్పి మెషిన్ దాకా మోసుకెళ్లాలి. ఆ రోజు ట్రిప్పు పోయినట్టే. రాలిన సీసం ఎక్కడ పడుతుందో, ఏ చెరువులో కలుస్తుందో అనే బాధ కూడా నాకుంది. యూరప్‌లో కార్లకూ చిన్న వాహనాలకూ సీసం బిళ్లలను 2005లోనే నిషేధించారు. ఇక్కడా స్టీలు, జింకు బిళ్లలు దొరుకుతాయి, అడిగి వేయించుకోండి.

ఆ తర్వాత పూసలకు మారాను. గసగసాల కన్నా కాస్త పెద్దగా, నున్నగా ఉండే గాజు పూసలు. ఈ సైజు టైరుకు ఒక్కో దానిలో 300 గ్రాముల దాకా పోస్తారు. టైరు ఎక్కించేటప్పుడే సంచిలో కొలిచి లోపల వేయడం సులువు. వాల్వు గుండా కూడా పోయవచ్చు కానీ చాలా ఓపిక కావాలి. బండి వేగం అందుకోగానే పూసలు టైరు లోపలి గోడకు చుట్టూ పరుచుకుంటాయి. బరువు తేడా వల్ల చక్రం ఎగిరిపడే కొద్దీ అవి కొంచెం కొంచెంగా జరిగి తేలికగా ఉన్న వైపు చేరతాయి. ఊపు తగ్గాక అక్కడే ఆగుతాయి. డిస్కు, డ్రమ్ము, టైరు, దేని బరువు తేడా అయినా మొత్తంగా సర్దుకుంటుంది. మెషిన్ మీద డ్రమ్ము లేకుండా తూచిన చక్రానికి ఈ సౌకర్యం లేదు. టైరు అరిగే కొద్దీ మారే తేడా కూడా దానంతటదే సర్దుకుంటుంది.

వాడకంలో చూసింది చెబుతాను. 40 దాకా పూసలు ఉన్నాయో లేవో తెలియదు. బండి ఆగేటప్పుడు కిటికీ దించి ఉంటే లోపల జల్లుమని జారే చప్పుడు వినిపిస్తుంది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. క్వారీ బాటలో గుంతలకు పూసలు చెల్లాచెదురవుతాయి. హైవే ఎక్కిన మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు స్టీరింగ్‌లో సన్నని కదలిక ఉండి తర్వాత అణిగిపోతుంది. మెషిన్ మీద చేసిన రోజు వచ్చే మెత్తదనం పూసలతో పూర్తిగా రాదు, అటూ ఇటూ ఊగే తేడాను అవి అంతగా పట్టుకోలేవు. కానీ ఆ మెత్తదనం మా బండికి నిలవలేదు, పూసలు ఇచ్చింది టైరు అరిగేదాకా నిలిచింది. ముందు టైర్లు ఇప్పుడు చుట్టూ సమానంగా అరుగుతున్నాయి. ఇదివరకు చేత్తో తడిమితే తెలిసే గుంటల అరుగుదల కనిపించడం లేదు. మా తమ్ముడు స్టీరింగ్ మాట ఎత్తడం మానేశాడు.

పూసలకు తేమ పెద్ద శత్రువు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరి ఉంటే ఆ తడి గాలితో పాటే లోపలికి పోతుంది, పూసలు ముద్దకట్టి ఒకేచోట అతుక్కుంటాయి. అప్పుడు బ్యాలెన్సింగ్ పోగా, ఉన్న తేడాకు ఇంకొంత బరువు చేరినట్టే. గాలి పట్టే ముందు ట్యాంకు కింద మర తిప్పి నీళ్లు వదలమని అడగాలి. టైరు ఎక్కించడానికి పూసిన సబ్బునీళ్లు ఆరాకే పూసలు వేయాలి. పంచర్ ఆపే జిగురు ద్రవం పోసిన టైరులో పూసలు పనికిరావు. రెండోది వాల్వు పిన్ను. మామూలు పిన్ను ఉంటే దానిలో పూస ఇరుక్కుని గాలి దిగుతుంది. జల్లెడ ఉన్న పిన్ను వేయించాలి, గాలి చూసేటప్పుడు వాల్వు పైకి వచ్చేలా బండి ఆపాలి. పంచర్ పడి టైరు విప్పితే పూసలను గిన్నెలోకి తీసి, ప్యాచ్ జిగురు ఆరాక తిరిగి పోయవచ్చు. ఖర్చు మాకు మెషిన్ మీద రెండు మూడుసార్లు పెట్టిన దానితో సరిపోయింది.

పూసలకు బదులు ఇసుకో, పాత బేరింగు గోళీలో పోస్తే చాలదా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. ఇసుక టైరు లోపలి పొరను గీకేస్తుంది. ఇనుప గోళీలు తుప్పు పట్టి అదే పని చేస్తాయి. ట్యూబ్‌లెస్ టైరులో గాలిని పట్టి ఉంచేది ఆ పొరే.

వానాకాలంలో ఇంకో సంగతి. మా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దారుల్లో నల్లరేగడి. డిస్క్ లోపల పట్టుకుని ఎండితే రాయిలా బిగుస్తుంది, ఒకవైపు కేజీల లెక్కన ఉంటుంది. దానిముందు పూసలూ బిళ్లలూ ఏమాత్రం? వణుకు మొదలవగానే షాపుకు పోకుండా ముందు గడ్డపారతో డిస్క్ లోపల గోకి, నీళ్లు కొట్టించి చూడండి. క్రషర్ పొడి తడిసినా ఇంతే.

గుంతలో పడగానే స్టీరింగ్ చేతిలోంచి ఊడిపోయేంతగా కొట్టుకుని, బ్రేకు వేసి దాదాపు ఆపితే గానీ ఆగకపోతే మాత్రం అది బ్యాలెన్సింగ్ జబ్బు కాదు. కింగ్ పిన్నో, టై రాడ్ ఎండో, హబ్ బేరింగో వదులైంది. బ్యాలెన్స్ తేడా దాన్ని రేపుతుందంతే. పూసలు పోస్తే కొన్నాళ్లు కనిపించకుండా పోవచ్చు, అదే ప్రమాదం. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపి చూడకుండా అలాంటి బండిని రోడ్డెక్కించొద్దు.

వెనక జంట చక్రాలకు నేను ఏమీ వేయించలేదు. అక్కడి వణుకు స్టీరింగ్ దాకా రాదు, జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి తీయడమే అక్కడ ముఖ్యమైన పని. స్టెప్నీలో కూడా పూసలు పోయలేదు, అది ఎక్కువగా వెనకే పడుతుంది. దారిలో ముందు వేయాల్సి వస్తే 60 దాటకుండా ఇంటికి తేవచ్చు. కొలిచిన పూసల సంచి ఒకటి, జల్లెడ పిన్నులు రెండు టూల్ బాక్సులో ఉంటాయి, పంచర్ వేసే షాపులోనే లోపల పోయించుకుంటాం.