మడ అడవికి ఎంత దూరంలో బస చేయాలి?

సంక్రాంతి రద్దీ తగ్గిన తరువాతి వారంలో మేము నలుగురం కాకినాడ నుంచి యానాం దారి పట్టి, మూడు రోజులు గోదావరి డెల్టాలో తిరిగి వచ్చాము. ఎక్కడ వసతి బాగుంది, ఎక్కడ బాగులేదు అన్నది రాద్దామనే కూర్చున్నాను గాని, అడవిని చూడవచ్చేవారి కోసం కట్టే గదులు ఆ అడవికి ఎంత దగ్గరగా ఉండవచ్చునన్న ప్రశ్నే పదే పదే అడ్డుపడుతోంది.

మొదట కోరంగి. ఉప్పునీటి బురదలో పెరిగే ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఇది సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నా, మనలాంటి వారికి అందేది చొల్లంగిపేట వద్ద చెట్ల నడుమ వేసిన చెక్కదారి, అక్కడి నుంచి సాగే కొద్దిపాటి బోటు ప్రయాణం మాత్రమే. నా లెక్కన అది చాలు. మేము వెళ్ళినప్పుడు పాటు తీసి, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గి, తెల్లమడ, నల్లమడ చెట్ల కింద శ్వాసవేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న ఎర్రటి బుల్లి ఎండ్రకాయలు, అలికిడికి కన్నంలో దూరి, నిమిషం తరువాత మళ్ళీ తొంగిచూస్తున్నాయి. దారి శుభ్రంగా ఉంది, అడుగడుగునా చెత్తబుట్టలున్నాయి, మంచినీళ్ళు మాత్రం వెంట తెచ్చుకోవాలి. పిల్లలున్నవారు తిల్ల చెట్టు కొమ్మలు విరవనీయకండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

బోటు కోసం రెండు గంటలు కాచుకోవలసి వచ్చింది. "పోటు ఎక్కితేగానీ కదలదండీ, ఇప్పుడు తీస్తే బురదలో కూర్చుండిపోతాం" అన్నాడు నడిపే ఆయన. లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చారు, తొడుక్కునేదాకా తాడు విప్పలేదు. పాయ మలుపు తిరుగుతుండగా ఆయన ఇంజను ఆపి, నీటి అంచున మెత్తని బురదపై గుండ్రంగా పడిన అడుగులను చూపించాడు. బావురు పిల్లి రాత్రి చేపల వేటకు దిగిన గుర్తులవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గట్టి రక్షణ కల్పించే మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జంతువు మాకు కనబడలేదు, కనబడుతుందని ఎవరూ నమ్మబలకనూ లేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మా పొరపాటంతా ఆ రాత్రి బసలో జరిగింది. అడవి అంచునే ఉంటే బాగుంటుందని పాయ ఒడ్డున ఉన్న ఒక ప్రైవేటు రిసార్టులో గదులు తీసుకున్నాము. గదులు విశాలం, పరుపులు మెత్తన, సిబ్బంది మర్యాద గలవారు. అయితే పాయ మీదికి తిప్పిన ఫ్లడ్‌లైట్లు తెల్లవార్లూ వెలిగాయి, డీజే పదకొండు దాటినా ఆగలేదు. పొద్దున మేము చూసిన అడుగులు ఏ వేళ పడతాయో సరిగ్గా ఆ వేళకే ఇదంతా. భోజనాల జాబితాలో జనవరిలో పులస కూడా ఉంది. వరద నీటికి ఎదురీదే ఆ చేప జనవరిలో ఎక్కడి నుంచి వచ్చిందో వారికే తెలియాలి.

ఉదయం మేనేజరు గారు గ్రావెల్ తోలి చదును చేస్తున్న స్థలం చూపి, వచ్చే ఏడాదికి మరో ఇరవై కాటేజీలు వస్తాయనీ, అక్కడ చెట్లేవీ కొట్టలేదనీ, అది ఉత్త బురదేననీ చెప్పారు. చిక్కంతా అక్కడే ఉంది. మడ గింజలు పోటు నీటిలో కొట్టుకువచ్చి వేళ్ళూనేది అటువంటి ఉత్త బురదలోనే. ఎగువన ఆనకట్టల వద్ద ఒండ్రు నిలిచిపోయి సముద్రానికి చేరే మట్టి తగ్గిన ఈ రోజుల్లో, పూడ్చిన బురదకు బదులుగా నది కొత్త బురదను తెచ్చిపెడుతుందన్న భరోసా లేదు. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన 1000 చదరపు మీటర్లకు మించిన మడకు 50 మీటర్ల రక్షణ పట్టీ ఉండాలంటూనే, ప్రైవేటు భూమిలోని మడకు ఆ పట్టీని మినహాయించింది. చట్టానికి లోబడి కట్టినంత మాత్రాన అడవికి చేటు జరగదని అనలేము.

రెండవ నాడు ఎదుర్లంక వంతెన మీదుగా కోనసీమలోకి వెళ్ళి, రాజోలు వైపు ఒక కొబ్బరి తోటలో అద్దెకిచ్చే పెంకుటింట్లో దిగాము. వేడినీళ్ళు బకెట్లలోనే, కరెంటు రెండుసార్లు పోయింది. అయినా ఇంటావిడ పెట్టిన పనసపొట్టు కూర, కాలువ గట్టున చల్లటి సాయంత్రం ఆ లోటును మరిపించాయి. ఈ ప్రాంతంలో పర్యాటకుల గదులు పెరగవలసిన చోటు ఇదే. 1996 నవంబరు తుఫాను ఇక్కడి కొబ్బరిని నేలకూల్చిన సంగతి ఆ ఇంటి పెద్దాయన ఇంకా నిన్నటి మాటలా చెబుతారు. తోట మీద వచ్చే రాబడికి నాలుగు గదుల అద్దె తోడైతే రైతుకు ఆసరా, పైగా అప్పటికే మనుషులు మసలే నేల. అక్కడి నుంచి కోరంగికి పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అంత దూరం వద్దనుకునేవారికి యానాంలోనూ కాకినాడలోనూ లాడ్జీలకు కొదవ లేదు.

ఈ మాటే తిరుగు ప్రయాణంలో బోటు ఆయనతో అంటే, ఆయన వెంటనే ఒప్పుకోలేదు. వాళ్ళబ్బాయి ఆ రిసార్టులోనే వంటవాడట. "కొబ్బరితోటోళ్ళు మావోడికి పనిస్తారంటారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేక, మరుసటి రోజు పోటు ఎన్ని గంటలకో అడిగి రాసుకున్నాను.