ఒక్క సిలిండర్‌కి ఐదు రీడింగులు! పొల్యూషన్ సెంటర్ల వాళ్లు జాగ్రత్త

మెషిన్ కాలిబ్రేషన్ (తెలిసిన గ్యాస్ పెట్టి రీడింగు సరిచూడటం) చేసే ఏజెన్సీ ఒకటి, పేరు రాయను. ఏటా మనవాళ్ల సెంటర్లు తిరిగే వాళ్లే, చదివితే మీకే అర్థమవుతుంది. పెట్రోల్ బండ్ల పొగ కొలిచే అనలైజర్ మెషిన్‌కి కాలిబ్రేషన్ గడువు దగ్గరపడిందని పిలిచాను. డబ్బులు ముందే వేయించుకున్నారు.

వచ్చిన కుర్రాడు మెషిన్ వేడెక్కే దాకా కూడా ఆగలేదు. షెడ్డు ముందు ఆటో ఒకటి స్టార్ట్‌లో ఉంటే, శుభ్రమైన గాలితో కొట్టాల్సిన జీరోని ఆ పొగ గాలి లాగించే కొట్టాడు. తర్వాత 3.5 శాతం సీఓ (కార్బన్ మోనాక్సైడ్) సిలిండర్ తగిలించి, స్క్రీన్ మీద 3.50 పడగానే "అయిపోయింది సార్" అంటూ బ్యాగులోంచి సర్టిఫికెట్ తీశాడు. 0.3, 0.5, 1.0, 2.0, 3.5... ఐదు పాయింట్లు, పక్కన ఐదు రీడింగులు, అన్నీ ప్రింటు కొట్టి రెడీగా ఉన్నాయి. తేదీ ఒక్కటే నా టేబుల్ మీద పెట్టి పెన్నుతో నింపాడు. అదీ నా పెన్నే.

"బాబూ, పెట్టింది ఒక్క గ్యాసే కదా, కలిపి పలచన చేసే డివైడర్ కూడా తేలేదు, మిగతా నాలుగూ ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అన్నాను.

నవ్వాడండీ. "మీకు సర్టిఫికెట్ కావాలా సార్, పాఠం కావాలా?"

అప్పటికే వాడికి టీ తెప్పించాను, సమోసా కూడా. మర్యాదస్తులం కదా!

ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడ ఇంకో పండితుడు. "కిందా పైనా సరిపోతే మధ్యలో అదే సరిపోతుంది సార్." ఎలా సరిపోతుంది? మెషిన్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, గ్యాస్ అందులో ఎంత పీల్చుకుందో చూసి కొలుస్తుంది. గ్యాస్ రెట్టింపైతే అది పీల్చుకునే ఇన్‌ఫ్రారెడ్ రెట్టింపు కాదు, పోను పోను పెరుగుదల తగ్గి గీత వంగిపోతుంది. ఆ వంపును సరిచేసే పట్టిక మెషిన్‌లోనే ఉంటుంది. అది సరిగ్గా ఉందో లేదో మధ్య పాయింట్లలో గ్యాస్ పెట్టి చూస్తేనే తెలిసేది.

తెలిసిన సెంటర్ నుంచి 0.5 బాటిల్ తెచ్చి పెడితే 0.36 చూపించింది. సర్టిఫికెట్‌లో మాత్రం ముద్దుగా 0.50! బీఎస్-4 కారుకి సీఓ హద్దు 0.3 శాతం. అంటే ఫెయిలవ్వాల్సిన బండ్లకి నేను పాస్ కాగితం ఇచ్చేయొచ్చన్నమాట. రేపు రవాణా శాఖ వాళ్లు వచ్చి చూస్తే పోయేది నా సెంటరే, వాళ్ల ఏజెన్సీ కాదు. ఆ టెన్షన్ ఒకటి. డబ్బు వెనక్కి అడిగితే "కాగితం ఇచ్చేశాం కదా" అంటున్నారు.

మీ దగ్గరికొస్తే ముందు బ్యాగు తీయించి ఎన్ని సిలిండర్లున్నాయో చూడండి. వాటి మీద శాతం, గడువు తేదీ ఫోటో తీసుకోండి. సర్టిఫికెట్‌లో రాసే ప్రతి పాయింటూ ఎదురుగా పెట్టించి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.